కానిస్టేబుల్ ఉద్యోగం: అప్లికేషన్ నుంచి మెడికల్ దాకా ఎక్కడ జారిపోతాం, ఎలా దాటాలి

పోలీస్ ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నానని చెప్తే ఊళ్లో అందరూ రెండే సలహాలు ఇస్తారు. పొద్దున్నే పరుగెత్తు, రాత్రి కూర్చుని చదువు. రెండూ అవసరమే. కానీ బాగా పరుగెత్తినవాళ్లు, బాగా చదివినవాళ్లు కూడా ఈ ప్రాసెస్‌లో మధ్యలోనే ఆగిపోవడం చూశాను. ఒకడు ఎత్తు దగ్గర, ఒకడు ఒకటో తరగతి బోనఫైడ్ (ఆ స్కూల్లో చదివినట్టు ఇచ్చే సర్టిఫికెట్) దగ్గర, ఒకడు పాత కేసు దాచిపెట్టి. నేనైతే 2022 తెలంగాణ నోటిఫికేషన్‌లో షాట్‌పుట్ దగ్గర పోయాను. అదే నోటిఫికేషన్‌లో మా బాబాయి కొడుకు సెలెక్ట్ అయ్యాడు. వాడి వెంట ఆఫీసుల చుట్టూ తిరిగి మిగతా దశలన్నీ చూశాను. ఇప్పుడు మా జూనియర్ కాలేజీ గ్రౌండ్‌కి వచ్చే పిల్లలకు నేను చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

రూల్స్ నోటిఫికేషన్‌కీ నోటిఫికేషన్‌కీ మారుతుంటాయి. ఇక్కడ ఇచ్చిన లెక్కలు రెండు రాష్ట్రాల్లోనూ 2022లో వచ్చిన నోటిఫికేషన్లవి. కొత్తది రాగానే ఆ పీడీఎఫ్ మొత్తం చదవండి. యూట్యూబ్‌లో ఎవరో చెప్పిన సారాంశం కాదు, పీడీఎఫ్.

ముందు టైం లెక్క చూసుకోండి

తెలంగాణలో 15 వేలకు పైగా కానిస్టేబుల్ పోస్టులతో 2022 ఏప్రిల్‌లో నోటిఫికేషన్ వచ్చింది. ఆగస్టులో ప్రిలిమ్స్ (తొలి రాత పరీక్ష), డిసెంబర్‌లో ఈవెంట్స్ (పరుగు, జంప్ లాంటి శారీరక పరీక్షలు) మొదలు, 2023 ఏప్రిల్ 30న ఫైనల్ పరీక్ష, అక్టోబర్‌లో ఫలితాలు. నియామక పత్రాలు చేతికొచ్చేసరికి 2024 ఫిబ్రవరి. దాదాపు రెండేళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంకా ఘోరం. 6,100 పోస్టులకు 2022 నవంబర్‌లో నోటిఫికేషన్, 2023 జనవరి 22న ప్రిలిమ్స్. తర్వాత ఈవెంట్స్ 2024 డిసెంబర్ చివర్లో గానీ మొదలు కాలేదు. ఫైనల్ పరీక్ష 2025 జూన్ 1న, ఫలితాలు ఆగస్టులో. ప్రిలిమ్స్ రాసేటప్పుడు పెళ్లి కానివాళ్లు ఈవెంట్స్‌కి పిల్లాణ్ని ఎత్తుకుని వచ్చారని మా వాళ్లు జోక్ చేసేవారు. పూర్తిగా జోక్ కూడా కాదు.

అందుకే నోటిఫికేషన్ రాగానే ఉన్న పని మానేసి హైదరాబాద్‌లో హాస్టల్ తీసుకోవద్దు. ప్రిలిమ్స్‌కి ముందు ఒక రెండు నెలలు, ఫైనల్‌కి ముందు ఒక మూడు నెలలు పూర్తిగా కూర్చుంటే చాలు. మిగతా కాలం చిన్నదో పెద్దదో ఏదో ఒక సంపాదన ఉండాలి. చేతిలో డబ్బు అయిపోయి ఈవెంట్స్ ముందే ఇంటికెళ్లిపోయినవాళ్లు మా బ్యాచ్‌లోనే ముగ్గురు.

అర్హత, ఎత్తు: ఇంట్లోనే తేల్చుకోండి

కానిస్టేబుల్‌కి ఇంటర్, ఎస్ఐకి డిగ్రీ. వయసు సడలింపు కులాన్ని బట్టి, కేటగిరీని బట్టి మారుతుంది. ఒక్క రోజు తేడాతో కూడా అర్హత పోతుంది కాబట్టి పదో తరగతి మెమో మీదున్న పుట్టిన తేదీతోనే లెక్క వేసుకోండి.

ఎత్తు మగవాళ్లకు 167.6 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 152.5. ఏజెన్సీ ప్రాంతాల గిరిజన అభ్యర్థులకు సడలింపు ఉంది, మగవాళ్లకు 160, ఆడవాళ్లకు 150. ఆంధ్రప్రదేశ్‌లో మగవాళ్లకు ఛాతీ కొలత కూడా ఉంది: 86.3 సెంటీమీటర్లు, గాలి పీల్చినప్పుడు 5 సెంటీమీటర్లు పెరగాలి. అక్కడ ఆడవాళ్లకు కనీసం 40 కేజీల బరువుండాలి.

ఎత్తు విషయంలో చాలామంది చేసే తప్పు ఒకటుంది. పొద్దున లేవగానే గోడకు ఆనుకుని కొలుచుకుని 168 ఉన్నానని మురిసిపోతారు. మనిషి సాయంత్రానికి సుమారు ఒక సెంటీమీటర్ తగ్గుతాడు, వెన్నుపూసల మధ్య డిస్కులు రోజంతా బరువుకి నొక్కుకుపోతాయి. కాబట్టి సాయంత్రం, రోజంతా తిరిగొచ్చాక, చెప్పులు లేకుండా కొలుచుకోండి. అప్పుడు కూడా 167.6 దాటితే ఇక ఆ టెన్షన్ వదిలేయండి. పొద్దున దాటి సాయంత్రం దాటకపోతే మీరు అంచున ఉన్నట్టు. ఈవెంట్స్ ముందురోజు రాత్రంతా బస్సులో కూర్చుని ప్రయాణం చేసి నేరుగా గ్రౌండ్‌కి వెళ్లకండి, ఒక రోజు ముందే చేరి పడుకోండి. గ్రౌండ్‌లో డిజిటల్ మెషిన్ కొలుస్తుంది, మడమ లేపితే పట్టేస్తారు. జుట్టు పెంచి ముడి వేసుకునే తెలివితేటలు కూడా పనికిరావు.

అప్లికేషన్: పదో తరగతి మెమో పక్కన పెట్టుకుని నింపండి

ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయి చేతికి ఆధార్ కార్డు ఇచ్చి మీరు టీ తాగడానికి వెళ్లొద్దు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, మెమోలో ఒక్క అక్షరమే ఉంటుంది. అప్లికేషన్‌లో పేరు మెమోలో ఉన్నట్టే ఉండాలి. కులం, లోకల్ జిల్లా, ఎన్‌సీసీ, స్పోర్ట్స్, హోంగార్డు, పోలీసుల పిల్లల కోటా లాంటి క్లెయిమ్‌లు మొదట్లో పెట్టకపోతే తర్వాత పెట్టడం దాదాపు కుదరదు. సబ్మిట్ నొక్కే ముందు ప్రతి పెట్టె మీరే చదవండి.

ఫీజు తెలంగాణలో కానిస్టేబుల్‌కి ఓసీ, బీసీలకు 800, స్థానిక ఎస్సీ, ఎస్టీలకు 400. ఆంధ్రప్రదేశ్‌లో 300, 150. ఫోన్ నంబర్ మాత్రం రెండేళ్లు మీ దగ్గర ఉండేదే ఇవ్వండి. రీచార్జ్ చేయక సిమ్ పోయి, ఓటీపీ రాక ఏడ్చినవాళ్లున్నారు.

అప్లై చేసిన రోజు నుంచే సర్టిఫికెట్ల ఫైలు మొదలుపెట్టండి. తెలంగాణలో ప్రిలిమ్స్ పాసయ్యాక పార్ట్-2 అప్లికేషన్‌లో ఇవన్నీ అప్‌లోడ్ చేయాలి. అప్పుడు అందరూ ఒకేసారి మీసేవ మీద పడతారు, సర్వర్ డౌన్. కుల ధ్రువీకరణ, బీసీలైతే నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ అయితే ఆ ఆర్థిక సంవత్సరానిది. వీటి మీద ఏ తేదీ ఉండాలో నోటిఫికేషన్‌లో చూసుకోండి.

అన్నిటికంటే ఎక్కువ తిప్పేది బోనఫైడ్. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ ఎక్కువ కాలం చదివారన్నదాన్ని బట్టే మీరు ఏ జిల్లాకు లోకల్ అన్నది తేలుతుంది. ఆ ఏడేళ్లకూ కాగితాలు కావాలి. మా బాబాయి కొడుకు ఒకటి నుంచి మూడు దాకా చదివిన ప్రైవేట్ స్కూల్ ఎప్పుడో మూతపడింది. ఇప్పుడక్కడ పుట్టగొడుగుల షెడ్డు ఉంది. రికార్డులు ఎవరి దగ్గరున్నాయో కనుక్కోవడానికే పది రోజులు పట్టింది. చివరికి మండల విద్యాధికారి ఆఫీసులో అడ్మిషన్ రిజిస్టర్ దొరికింది, అందులో వాడి ముద్దుపేరు రాసి ఉంది! దాన్ని సరిచేయించడానికి ఇంకో వారం. మీ స్కూల్ నడుస్తున్నా సరే ఇవాళే వెళ్లి తెచ్చుకోండి, లామినేషన్ మాత్రం చేయించకండి.

ప్రిలిమ్స్

200 ప్రశ్నలు, 200 మార్కులు, 3 గంటలు. ఇది గేటు మాత్రమే, ఇందులో వచ్చిన మార్కులు చివరి లెక్కలో కలవవు. తెలంగాణలో గతసారి ఓసీలకు 60, బీసీలకు 50, ఎస్సీ, ఎస్టీలకు 40 మార్కులు వస్తే చాలన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో అది 40, 35, 30 శాతం.

అరిథ్‌మెటిక్, రీజనింగ్ మీద రోజుకి రెండు గంటలు పెడితే గేటు దాటేస్తారు. అంకెల భయం ఉన్నవాళ్లు ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల లెక్కల పుస్తకాలతో మొదలుపెట్టండి, పెద్ద పెద్ద కోచింగ్ మెటీరియల్‌తో కాదు. శాతాలు, నిష్పత్తి, కాలం-పని, రైళ్ల లెక్కలు చేతికి పట్టుబడితే మిగతావి వాటంతటవే వస్తాయి.

నెగెటివ్ మార్కుల గురించి అనవసరంగా భయపడకండి. తెలంగాణ ప్రిలిమ్స్‌లో ఐదు తప్పులకు ఒక మార్కు కోత. ఏమీ తెలియని 20 ప్రశ్నలకు కళ్లు మూసుకుని గుర్తు పెట్టారనుకోండి. నాలుగు ఆప్షన్లలో ఒకటి కాబట్టి సగటున 5 తగులుతాయి, 15 తప్పుతాయి, 3 మార్కులు పోతాయి. అయినా రెండు మిగిలాయి. ఒక్కో ప్రశ్నలో ఒక్క ఆప్షన్‌ని కొట్టేయగలిగితే ఇంకా లాభం. ఓఎంఆర్ షీట్‌లో మాత్రం ఒక ప్రశ్న వదిలేసినప్పుడు కింద గడి జరిగిపోకుండా చూసుకోండి. ప్రతి పది ప్రశ్నలకు ఒకసారి నంబర్ సరిచూసుకునే అలవాటు ఇంట్లోనే చేసుకోండి.

ఈవెంట్స్: స్టాప్‌వాచ్, టేపు, అసలు బరువు

తెలంగాణలో మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి, లాంగ్ జంప్ 4 మీటర్లు, 7.26 కేజీల షాట్‌పుట్ 6 మీటర్లు. ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో, లాంగ్ జంప్ 2.5 మీటర్లు, 4 కేజీల షాట్‌పుట్ 4 మీటర్లు. మూడూ పాస్ కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1600 మీటర్లు అందరికీ తప్పనిసరి: మగవాళ్లకు 8 నిమిషాలు, ఆడవాళ్లకు 10 నిమిషాల 30 సెకన్లు. దాంతోపాటు సివిల్ (స్టేషన్ డ్యూటీ) పోస్టులకైతే 100 మీటర్లు లేదా లాంగ్ జంప్‌లో ఏదో ఒకటి గట్టెక్కితే చాలు. 100 మీటర్లకు 15 సెకన్లు, ఆడవాళ్లకు 18. లాంగ్ జంప్ 3.80, ఆడవాళ్లకు 2.75 మీటర్లు.

పరుగుని రౌండ్లుగా మార్చుకోండి. 400 మీటర్ల ట్రాక్ మీద 1600 అంటే నాలుగు రౌండ్లు. 7:15లో రావాలంటే రౌండుకి 1 నిమిషం 48 సెకన్లు. మొదటి రౌండ్ అందరితో పాటు ఎగబడి 1:25లో కొట్టేసి మూడో రౌండ్‌లో నడిచేవాళ్లే ఎక్కువ. మొదటి రౌండ్ 1:45 కంటే వేగంగా వెళ్లనని ఒట్టు పెట్టుకోండి. ప్రాక్టీస్‌లో వారానికి రెండు రోజులు 400 మీటర్లు 1:40లో కొట్టి, రెండు నిమిషాలు నడిచి, మళ్లీ కొట్టి, అలా ఐదారు సార్లు చేయండి. రెండు రోజులు నెమ్మదిగా అరగంట పరుగు. ఒక రోజు పూర్తి 1600 టైం పెట్టుకుని. మిగతా రెండు రోజులు కాళ్లకు విశ్రాంతి, అంతే. రోజూ 1600 ఫుల్ స్పీడ్‌తో కొడితే నెలలో పిక్క ఎముక నొప్పి వస్తుంది, అది వస్తే మూడు వారాలు మంచం. పరుగు సీసీ రోడ్డు మీద వద్దు, మట్టి మీద చేయండి. గ్రౌండ్‌లో టైం తీసేది కాలికో ఛాతీకో కట్టే చిప్. ఒక రౌండ్ తప్పించుకుందామన్న ఆలోచన వద్దు.

లాంగ్ జంప్‌లో దూరం ఉండీ ఫౌల్ అయ్యేవాళ్లు ఎక్కువ. తెల్ల పలక మీద నిలబడి వెనక్కి పరుగెత్తండి, పదిహేను పదహారు అంగలు. కాలు ఎక్కడ పడిందో అక్కడ గీత గీసుకోండి. అదే మీ స్టార్టింగ్ పాయింట్. దాన్ని మీ పాదాలతో కొలిచి గుర్తుపెట్టుకోండి, పరీక్ష రోజు గ్రౌండ్‌లో మళ్లీ కొలుచుకోవచ్చు.

ఇక షాట్‌పుట్, నా శత్రువు. మా స్కూల్ పీఈటీ సార్ దగ్గర ఒక ఇనుప గుండు ఉండేది. దాంతో నెల రోజులు ప్రాక్టీస్ చేసి ఏడు మీటర్లు దాటించాను. డిసెంబర్ చలిలో, మంచుకి తడిసిన గుండు నా చేతిలో పెట్టినప్పుడు గానీ తెలియలేదు, మా స్కూల్‌ది ఐదు కేజీలదని. మెడ పక్కన ఆనించుకుంటే మణికట్టు వెనక్కి వాలిపోయింది. మొదటిసారి 5.60. రెండోసారి 5.72. మూడోసారి కోపంతో విసిరాను. ఆరు దాటినట్టే ఉంది కానీ ఆ ఊపులో కాలు రింగ్ బయట పడింది. ఎర్ర జెండా. మూడు ఛాన్సులు అంతే. పక్కన నిలబడ్డ కానిస్టేబుల్ నా భుజం తట్టి, తమ్ముడూ నీళ్లు తాగి వెళ్లు అన్నాడు.

కాబట్టి గుండుని ముందు తూకం వేయించండి, కిరాణా కొట్టు కాటా చాలు. ఇంకో మాట, గుండుని క్రికెట్ బంతిలా విసరకూడదు, మెడ దగ్గర నుంచి నెట్టాలి. బలం చేతిలో కాదు, కుడి కాలు నుంచి నడుము మీదుగా రావాలి. రింగ్ వెడల్పు సుమారు ఏడు అడుగులు. నెట్టాక ఒక క్షణం అక్కడే నిలబడి, వెనక సగం నుంచి బయటికి రావడం అలవాటు చేసుకోండి.

ఆడపిల్లలకు ఒక మాట. తెలంగాణలో సివిల్‌లో 33 శాతం, ఏఆర్ (ఆర్మ్డ్ రిజర్వ్)లో 10 శాతం పోస్టులు మహిళలకు ఉన్నాయి. మా గ్రౌండ్‌కి వచ్చే అమ్మాయిల్లో ఈవెంట్స్‌లో పోయినవాళ్లకంటే, ఈవెంట్స్ అంటే భయపడి అసలు అప్లై చేయనివాళ్లే ఎక్కువ. 800 మీటర్లకు 5:20 అంటే రౌండుకి 2 నిమిషాల 40 సెకన్లు. మూడు నెలలు క్రమంగా పరుగెత్తితే ఎవరికైనా వస్తుంది.

ఫైనల్ పరీక్ష, పోస్టుల ఆప్షన్లు

సివిల్ కానిస్టేబుల్ సెలెక్షన్‌కి ఈ ఫైనల్ పరీక్షలోని 200 మార్కులే ఆధారం. ఏఆర్, స్పెషల్ పోలీస్ లాంటి వాటికి ఈవెంట్స్‌లో చూపిన ప్రతిభకు కూడా మార్కులుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఎస్పీ (అక్కడి స్పెషల్ పోలీస్)కైతే రాత పరీక్షకు 100, ఈవెంట్స్‌కి 100. బాగా పరుగెత్తి చదువులో సగటుగా ఉన్నవాడికి అదే దారి. ఈవెంట్స్‌లో క్వాలిఫై అయితే చాలనుకుని ఆపేయకుండా, ఎంత ముందుకి వెళ్లగలిగితే అంత వెళ్లండి.

ప్రాధాన్యం పెట్టేటప్పుడు పేర్లు చూసి పెట్టకండి. సివిల్ అంటే స్టేషన్ డ్యూటీ, కేసులు, జనంతో రోజూ వ్యవహారం. ఏఆర్ అంటే జిల్లా హెడ్‌క్వార్టర్స్‌లో గార్డు, ఎస్కార్ట్, బందోబస్తు. బెటాలియన్ (స్పెషల్ పోలీస్) అంటే క్యాంపులు, ఎప్పుడు ఎక్కడికి పంపుతారో తెలియదు. పెళ్లై పిల్లలున్నవాళ్లు ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని పెట్టుకోండి.

ఈ మొత్తం ప్రాసెస్‌లో ఇంటర్వ్యూ లేదు. అంటే ఒకరి దయ మీద మార్కులు పడే చోటే లేదు. ఫలానా చోట నాకు తెలిసినవాళ్లున్నారు, ఐదు లక్షలు అడ్వాన్స్ ఇవ్వు అనేవాడు వంద మందిని అడుగుతాడు. సొంతంగా సెలెక్ట్ అయిన పదిమంది డబ్బు ఉంచుకుని మిగతావాళ్లకు ఫోన్ ఎత్తడు. వాడి వ్యాపారం అంతే.

అటెస్టేషన్ ఫారం: అసలు స్క్రీనింగ్ ఇక్కడే

ప్రొవిజనల్ లిస్టులో పేరు రాగానే స్వీట్లు పంచేస్తారు. ఆగండి. తర్వాత వచ్చేది అటెస్టేషన్ ఫారం. చిన్నప్పటి నుంచి ఎక్కడ చదివారు, ఎక్కడ ఉన్నారు, ఎక్కడ పనిచేశారు, మీ మీద ఎప్పుడైనా కేసు నమోదైందా, అరెస్ట్ అయ్యారా, జరిమానా పడిందా, ఇప్పుడు ఏదైనా కేసు నడుస్తోందా, ఇలా సాగుతుంది. దీన్ని పట్టుకుని స్పెషల్ బ్రాంచ్ వాళ్లు మీ ఊరికి వస్తారు, స్టేషన్ రికార్డులు చూస్తారు, చుట్టుపక్కల అడుగుతారు.

మా బాబాయి ఇంట్లో ఆ ఫారం నింపిన రాత్రి నాకింకా గుర్తుంది. చాప మీద కూర్చుని నల్ల ఇంకు పెన్నుతో రాస్తున్నాడు. కేసుల గడి రాగానే ఆగిపోయాడు. నాలుగేళ్ల కింద వినాయక నిమజ్జనంలో రెండు వీధుల వాళ్లు కొట్టుకున్నారు, అందులో వీడి పేరు పదకొండో ముద్దాయిగా రాశారు. లోక్ అదాలత్‌లో రాజీ అయింది. రాజీ అయింది కదా, ‘లేదు’ అని రాసేయ్ అన్నాడు మా పెదనాన్న. ఆ మాట వింటే వాడి ఉద్యోగం అక్కడే అయిపోయేది.

రాజీ అయినా, కొట్టేసినా, జరిమానా కట్టి వదిలేసినా అడిగినప్పుడు రాయాలి. 2016లో సుప్రీంకోర్టు అవతార్ సింగ్ కేసులో దీని మీద వివరంగా చెప్పింది. అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలి, కేసుని దాచకూడదు. చిన్న కేసైతే దాచినా క్షమించే విచక్షణ ఉద్యోగం ఇచ్చేవాళ్లకు ఉంటుంది, తీవ్రమైనదైతే తీసేయవచ్చు. నిజం చెప్పినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలనీ లేదు, పూర్వాపరాలు చూసి నిర్ణయిస్తారు. అయినా చెప్పినవాడికి వాదించుకోవడానికి కాళ్ల కింద నేల ఉంటుంది. దాచినవాడికి అది కూడా ఉండదు.

మీకు తెలియకుండా కేసు ఉండొచ్చు కూడా. ఊరి గొడవల్లో, ధర్నాల్లో, ఎలక్షన్లప్పుడు పేర్లు రాసేస్తారు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో మీ జిల్లా కోర్టుల్లో మీ పేరుతో వెతకండి. అనుమానం ఉంటే స్టేషన్‌కి వెళ్లి అడగండి. కేసు ఉంటే క్రైమ్ నంబర్, సెక్షన్లు, తీర్పు తేదీ రాసుకుని, కోర్టు నుంచి సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. డ్రంక్ అండ్ డ్రైవ్‌లో పట్టుబడి కోర్టులో ఫైన్ కట్టినవాళ్లు అది చలానా లాంటిదే అనుకుంటారు. కాదు, అది కేసే. మా వాడు అన్నీ రాసి, లోక్ అదాలత్ అవార్డు కాపీ జత చేశాడు. ఎంక్వైరీకి వచ్చినాయన కాగితం చూసి రెండు ప్రశ్నలు అడిగి వెళ్లిపోయాడు.

మెడికల్

రెండు కళ్లకూ దూరపు చూపు 6/6 ఉండాలి. కలర్ బ్లైండ్‌నెస్, మెల్లకన్ను ఉంటే అనర్హులు. మోకాళ్లు తగలడం, ఫ్లాట్ ఫుట్, కాళ్లలో నరాలు ఉబ్బడం, పుచ్చిన పళ్లు, నత్తి, వినికిడి లోపం ఇవన్నీ చూస్తారు. ఇదంతా చివర్లో తెలిస్తే రెండేళ్ల కష్టం వృథా. అప్లై చేసిన నెలలోనే ప్రభుత్వ ఆసుపత్రి కంటి డాక్టర్ దగ్గర కలర్ విజన్ పరీక్ష చేయించుకోండి. తడి పాదంతో సిమెంట్ గచ్చు మీద నిలబడి ముద్ర చూసుకోండి, పాదం మధ్య వంపు కనిపించకుండా మొత్తం నిండుగా పడితే ఎముకల డాక్టర్‌ని అడగండి. పళ్లు మాత్రం మీ చేతిలో పనే, ఫిల్లింగ్ చేయించుకుంటే అయిపోతుంది.

ఫలితాలకీ ట్రైనింగ్‌కీ మధ్య మళ్లీ నెలలు గడుస్తాయి. మా వాడు ఆ గ్యాప్‌లో పరుగు మానేసి ఆరు కేజీలు పెరిగాడు. కానిస్టేబుల్ ట్రైనింగ్ తొమ్మిది నెలలు, తెల్లవారకముందే విజిల్ వేస్తారు. మొదటి వారం ఫోన్ చేసి మెట్లు దిగలేకపోతున్నానన్నాడు. మీరు మాత్రం వారానికి మూడు రోజులైనా గ్రౌండ్‌కి వెళ్తూనే ఉండండి.